‘పోయొస్త’ అనక్కర్లేని ఇల్లు

ఇంట్లో కూర్చునే ఉద్యోగం చేయొచ్చని కనిపెట్టినవాడికి ఊరూరా విగ్రహం పెట్టాలి! నిలబడ్డ విగ్రహం కాదు, కుర్చీలో కూర్చున్నది. చెవులకు ఆ పెద్ద డిప్పలు తగిలించాలి. పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ. దండ వేయడానికి వచ్చినవాళ్ళకు ‘ఒక్క నిమిషం’ అన్నట్టు చెయ్యి చూపిస్తుండాలి.

నవ్వకండి. నేను పరాచికాలాడే మనిషిని కాను. సుల్తానాబాద్‌లో నేతపని ఇంట్లో పుట్టి, నేతపని ఇంట్లోకే కోడలిగా వచ్చాను. బడికి పోలేదు. నూలు కట్టలకు చుట్టి వచ్చిన పాత పేపర్లు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. ఆ పేపర్లు ఎప్పుడూ సగానికి చిరిగి ఉండేవి. బస్సు బోల్తా పడిందని ఉండేది, లోపలివాళ్ళు బతికారో లేదో ఉండేది కాదు. పిల్లవాడు తప్పిపోయాడని ఉండేది, దొరికాడో లేదో ఉండేది కాదు. నాకు భయం ఎక్కువని మా ఇంట్లో వాళ్ళు అంటారు. మరి సగం వార్తలు చదివి పెరిగిన మనిషికి ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇప్పుడు నా భయం ఏమిటంటే, మా కోడలు వినోద పనిచేసే హైదరాబాద్ కంపెనీ ఒక మెయిల్ పెట్టింది. ‘వచ్చే నెల నుంచి అందరూ ఆఫీసుకు రండి. రాలేనివాళ్ళు కారణం రాయండి’ అని. వినోద ఇంకా జవాబివ్వలేదు. అందుకని ఆ కారణమేదో నేనే రాద్దామని కూర్చున్నాను. కంపెనీవారు కూడా చదువుతారని ఆశ.

కారణం ఒక్కటే. ఇంటి నుంచి పని అనేది లోకంలో వీడుకోళ్ళను రద్దు చేసింది! ఇంతకంటే గొప్ప మేలు ఎవరైనా చేశారా?

మా వైపు గడప దాటేటప్పుడు ‘పోతున్న’ అని ఒట్టిగా అనరు. పోవడమంటే తిరిగి రాకుండా పోవడం. అందుకే వెంటనే ‘ఒస్త’ తగిలించి, ‘పోయొస్త’ అంటారు. ఇంట్లోవాళ్ళు ‘పోయిరా’ అంటారు. ఉప్పు ప్యాకెట్టుకు పోయినా అదే మాట, దేశాలు పట్టిపోయినా అదే మాట. నేను మాత్రం ఆ మాటను జీవితమంతా భయపడుతూనే విన్నాను.

నా చిన్నప్పుడు మా బాపు బొంబాయి దిక్కు భీవండి మగ్గాల మీద పనికి పోతూ కరీంనగర్ బస్టాండులో నా తల మీద చెయ్యి పెట్టి ‘పోయొస్త బిడ్డా’ అన్నాడు. ఆ మాటలో మొదటి సగమే నిజమైంది.

సరే, ఆ సంగతి వదిలేయండి. ఇది సంతోషంగా రాయాల్సిన వ్యాసం.

మా అబ్బాయి నాగరాజుది కాగజ్‌నగర్‌లో ఉద్యోగం. మూతపడ్డ కాగితం మిల్లు మళ్ళీ తెరిచినప్పుడు దొరికింది. సోమవారం పొద్దున్నే పెద్దపల్లి పోయి రైలెక్కుతాడు, శనివారం వస్తాడు. ప్రతి సోమవారం వాడు ‘పోయొస్త’ అంటాడు, ప్రతి సోమవారం వాడు మలుపు తిరిగేదాకా నేను గడప మీదే నిలబడతాను. రైలెక్కి ఫోన్ చేయాలి, దిగి ఫోన్ చేయాలి, మధ్యలో మంచిర్యాలలో ఏం తిన్నాడో చెప్పాలి. ‘అమ్మా, నేను రైలెక్కిననా, చంద్రుని మీదికి పోతున్ననా?’ అని విసుక్కుంటాడు. విసుక్కుంటూనే అన్నీ చెప్తాడు.

వినోదతో ఆ బాధే లేదు! ఎప్పుడూ ఇంట్లోనే ఉంటుంది. రైలు లేదు, బస్సు లేదు, వాన పడితే తడుస్తుందేమోనన్న ఫికర్ లేదు. పళ్ళు తోముకుంటుంది, చాయ్ గ్లాసు పట్టుకుంటుంది, మగ్గం అర్రలోకి పోయి తలుపేసుకుంటుంది. అంతే. ఆఫీసు వచ్చేసినట్టే!

మగ్గం అర్ర అంటే ఒకప్పుడు మా ఆయన మగ్గం ఉన్న గది. నేసేవాళ్ళు కాళ్ళు పెట్టుకుని కూర్చునే నేల గుంత పూడ్చి టైల్స్ వేయించి, సరిగ్గా ఆ గుంత మీదే వినోద కంప్యూటర్ బల్ల వేసుకుంది. కాబట్టి కంపెనీవారు ఏదో కొత్తది కనిపెట్టామని మరీ పొంగిపోవద్దు. ఇంటి నుంచి పని మా కులానికి తాతలనాటిది. మాకు అప్పుడు దాని పేరు తెలియదు, అంతే.

మా ఆయన పేరు నోటితో అనను గానీ రాయడానికి అడ్డేముంది, కైలాసం. ఆయనకో అలవాటు ఉండేది. మగ్గం గుంతలోకి దిగేముందు వంటింటి వైపు తిరిగి ‘పోయొస్త’ అనేవాడు. ఎక్కడికి పోతున్నాడు? పొయ్యి దగ్గర కూర్చుంటే నాకు ఆయన వీపు కనిపించేది! సాయంత్రం గుంతలోంచి పైకి లేచి, వాకిట్లో కాళ్ళు కడుక్కుని, ముందు తలుపులోంచి లోపలికొచ్చి, ఊరి నుంచి వచ్చినవాడిలా మంచినీళ్ళు అడిగేవాడు. ‘ప్రయాణం మంచిగయిందా?’ అని నేను ఎగతాళి చేసేదాన్ని. ‘తొవ్వల జర దూప అయింది’ అనేవాడు, నవ్వకుండా.

అన్నిసార్లు చెప్పి పోయిన మనిషి, చివరిసారి మాత్రం ఏమీ చెప్పలేదు. నిద్రలోనే పోయాడు.

మళ్ళీ పక్కదారి పట్టాను. మేళ్ళ సంగతికి వద్దాం.

మొదటి మేలు, పచ్చ చుక్క. వినోద కంప్యూటర్‌లో ఆమె పేరు పక్కన ఒక చుక్క ఉంటుంది. అది పచ్చగా ఉంటే మనిషి ఉన్నట్టు. కాసేపు చెయ్యి ఆడకపోతే పసుపుపచ్చగా మారుతుంది. అంటే మనిషి లేనట్టు! పసుపు శుభమని మనం గడపలకు పూసుకుంటాం, కంపెనీవారికి మాత్రం అది అశుభం. అందుకని వినోద స్నానానికి పోయినప్పుడు మౌస్ కదిపే బాధ్యత నాకు అప్పగించింది. ఈ వయసులో నాకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం! జపమాల తిప్పినట్టు మౌస్ తిప్పుతూ కూర్చుంటాను. చుక్క పచ్చగానే ఉంటుంది. నన్ను చూసి వినోద అనుకునే కంపెనీని ఎంత మెచ్చుకున్నా తక్కువే!

రెండో మేలు, దైవభక్తి. బల్ల వెనక గోడకు కొండగట్టు అంజన్న పటం ఉంది. మీటింగ్‌లో వెనక ఏమీ కనిపించకూడదట. తీసేద్దామంటే నేను ఒప్పుకోలేదు. దాంతో వినోద ఏదో నొక్కి స్వామిని మసక చేసింది. సముద్రం దాటినవాడికి ఈ మసక దాటడం ఒక లెక్కా అని ఊరుకున్నాను. తల ఊపినప్పుడల్లా వినోద చెవి పక్క నుంచి గద ఒకటి తొంగిచూసి మాయమవుతుందట. మీటింగ్‌లో ఎవరూ ఆమెతో గట్టిగా మాట్లాడరు. కారణం అదేనని నా నమ్మకం.

ఇక పండుగలు! మునుపు బతుకమ్మకు సెలవు దొరుకుతుందో లేదోనని ఆడపిల్లలు ఏడ్చేవారు. ఇప్పుడు సెలవుతో పనేముంది? మొన్న వినోద చెవిలో మీటింగ్ పెట్టుకుని బతుకమ్మ ఆడింది. మేమంతా చప్పట్లు కొట్టి పాట అందుకుంటే, ఆమె ‘యెస్, అగ్రీడ్’ అని అందుకుంది. వాడకట్టు పిల్లలు అదే నేర్చుకున్నారు. ఇప్పుడు మా గల్లీలో ప్రతి చరణం తర్వాత ‘యెస్, అగ్రీడ్’ వినిపిస్తోంది. పాటకు కొత్త అందం వచ్చిందా లేదా?

ఆరోగ్యం మాట చెప్పనక్కర్లేదు. వినోద చేతికి ఒక వాచీ ఉంది. అది లెమ్మంటే లేస్తుంది, నీళ్ళు తాగమంటే తాగుతుంది, ఊపిరి పీల్చమంటే పీలుస్తుంది. అత్త చెప్పింది వినే కోడళ్ళున్న రోజులు నేను చూశాను గానీ, వాచీ చెప్పింది ఇంత బుద్ధిగా వినే కోడలిని చూడలేదు. అదే వాచీని బతిమాలుకుని ‘తిన్నవా బిడ్డా’ అని దాని నోటితో అడిగించాలని ఉంటుంది.

మాటల పొదుపు కూడా నేర్చుకున్నాం. ఆమె అర్రలోంచి ‘అత్తమ్మా చాయ్’ అని ఫోన్‌లో పంపిస్తుంది. నేను వంటింట్లోంచి బొటనవేలు బొమ్మ పెడతాను. చాయ్ తీసుకుపోయి బల్ల మీద పెడితే, ఆమె తెర మీంచి కళ్ళు తీయకుండా నాకు నిజం బొటనవేలు చూపిస్తుంది. ఇంతకుమునుపు అత్తాకోడళ్ళు ఎంత నోరు పారేసుకునేవాళ్ళు!

ఇక లీవు సంగతి. తెర మీద ఎర్ర బొత్తాం ఒకటుంటుంది. దాని మీది ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటే ‘లీవ్’ అని తేలింది. ఎంత మంచి కంపెనీ! నొక్కినప్పుడల్లా లీవు ఇస్తుంది! అడగాల్సిన పని లేదు, జ్వరం వచ్చిందని అబద్ధం చెప్పాల్సిన పని లేదు. ఈ సంగతి పక్కింటి బిల్కీస్‌కు గొప్పగా చెప్పాను. బిల్కీస్ బట్టలు కుడుతుంది, ఆమెకు పండగ ముందు ఊపిరాడదు.

‘అక్కా, గసువంటి బొత్తాం నా మిషన్‌కు సుత పెట్టిపియ్యి’ అంది.

అడిగితే వినోద నవ్వి, ‘గా లీవ్ అంటే సెలవు కాదత్తమ్మా. మీటింగ్లకెళ్ళి పోవుడు’ అంది.

పోవుడు! అంటే ఈ పిల్ల రోజంతా పోతూనే ఉంటుందన్నమాట. అదీ ఒట్టిగా.

ఆ మరుసటి రోజే జరిగింది ఆ పొరపాటు. నేను చాయ్ పట్టుకుని అర్రలోకి పోయేసరికి వినోద తెరకు చెయ్యి ఊపుతూ, ‘ఓకే, ఐ యామ్ లీవింగ్’ అంది. లీవింగ్ అంటే ఏమిటో నాకు అప్పటికే తెలిసిపోయింది కదా. గ్లాసు ఒలకబోసినంత పని చేసి, ‘గట్లనద్దు బిడ్డా! పోతున్న అనద్దు! పోయొస్త అను!’ అని అరిచాను.

మైకు ఆన్‌లో ఉంది.

తెర మీద ముఖాలన్నీ ఆగిపోయాయి. నెట్ ఆగిందనుకున్నాను, కాదు, మనుషులే ఆగిపోయారు. వినోద ముఖం ఎర్రబడింది. మేనేజరమ్మది పుణె. ఆమె ఏమైందని అడిగితే వినోద హిందీలో సంజాయిషీ చెప్పుకుంది. మేనేజరమ్మ తన భాషలో ఏదో చెప్పి, చేతులు జోడించి నా వైపు చూసి ‘యేతే’ అంది. వాళ్ళ నాయినమ్మ కూడా ‘జాతే’ అననిచ్చేది కాదట. వెళ్తున్నానని కాదు, వస్తున్నానని చెప్పి గడప దాటాలట. ఆదిలాబాద్ దిక్కు నుంచి వచ్చే దూది బేరగాళ్ళ నోట ఆ మాట నేను చిన్నప్పుడు విన్నదే. బిల్కీస్‌కు చెప్తే, ‘మేం సుత జాకే ఆతీ అంటం గదక్కా. ఒట్టిగ జాతీ అంటే మా అమ్మీ చెప్పు తీసేది’ అంది.

అప్పటి నుంచి ఆ మీటింగ్ అయిపోయేముందు ఎవరో ఒకరు ‘అమ్మను పిలువు’ అంటారట. నేను కొంగు సర్దుకుని వెళ్తాను. చెన్నై అబ్బాయి, కలకత్తా అమ్మాయి, ఇంకెవరెవరో నోరు తిరగక ‘పోయోస్తా’, ‘పొయ్యస్త’ అంటారు. నేను అందరికీ ‘పోయిరా బిడ్డా, పోయిరా’ అంటాను. దేశం దేశమంతా నాకు చెప్పి పోతోంది! ఏ ముసలిదానికి ఇంత భోగం?

చెప్పనిది మా వినోద ఒక్కతే. ఎందుకు చెప్తుంది? ఆమె ఎక్కడికీ పోలేదు కదా!

ఇక్కడిదాకా రాశాక కలం కాస్త ఆగింది. కాగజ్‌నగర్‌లో ఉన్న నాగరాజు నిన్న ఏం కూర తిన్నాడో, వాడి గదిలో ఫ్యాన్ ఎట్లా చప్పుడు చేస్తుందో నాకు తెలుసు. తలుపవతలి వినోద ఈ మధ్య ఎందుకు చిక్కిపోయిందో తెలియదు. కంపెనీవారికి పచ్చ చుక్కన్నా కనిపిస్తుంది. నాకు తలుపు కనిపిస్తుంది. ఇది ఫిర్యాదు కాదు. తలుపు మంచి టేకు తలుపు.

కలం అట్లా ఆగిన రోజే మధ్యాహ్నం కరెంటు పోయింది. బ్యాటరీ పెట్టె కూడా కాసేపు కూసి ఊరుకుంది. వినోద తలుపు తీసుకుని వచ్చి, ముందు గడప మీద నా పక్కన కూర్చుంది. ఎండలోకి కళ్ళు చిట్లించి చూసింది.

‘కరెంటు పోయిందా బిడ్డా?’

‘పోయింది అత్తమ్మా. నెట్ సుత పోయింది.’

‘పోయొస్త అన్నదా?’

పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. నవ్వు ఆగాక మెల్లగా, ‘మెయిల్‌కు జవాబియ్యాలె అత్తమ్మా. ఏం రాయాలె?’ అంది.

‘రానని రాయి. మా అత్తకు కాళ్ళు పనిజేస్తలేవని రాయి.’

‘నీ కాళ్ళు మంచిగనే ఉన్నయ్ గదా?’

‘వాళ్ళొచ్చి చూస్తరా? మసక చెయ్యి, అంజన్నను చేసినట్టు.’

మళ్ళీ నవ్వింది గానీ ఈసారి నవ్వు మధ్యలోనే తెగింది. ‘హైదరాబాద్ పోవుడు నాకు సుత ఇష్టం లేదు. గని పొద్దుగాల్ల పోయి పొద్దుమీకి ఇంటికొచ్చుడు ఎట్లుంటదో మర్శిపోయిన. నాకు ఇంటికి రావాలనుంది అత్తమ్మా.’

‘ఇంట్లనే ఉన్నవ్ గదనే!’

‘ఉన్న. గని ఇంకా రాలే.’

నాకు సగం చిరిగిన పేపరు చదివినట్టయింది. వీడుకోళ్ళు రద్దయ్యాయని నేను విగ్రహాలు కట్టిస్తుంటే, నా పక్కనున్న పిల్ల ఎప్పుడో పోయి ఉంది. చెప్పకుండా పోయింది కాబట్టి నేను ఎదురుచూడనన్నా లేదు.

‘మీ మామ ఏం చేసేటోడో ఎరికేనా?’ అని మగ్గం గుంత సంగతి చెప్పాను. నీళ్ళడగడం, దూప కావడం, అన్నీ. వినోద నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. మగ్గం అర్ర వైపు చాలాసేపు చూసింది. ఆ అర్రకు ఇంట్లోకి ఒక తలుపు, పక్క గల్లీలోకి ఒక తలుపు ఉన్నాయి. గల్లీ తలుపు నూలు మూటలు దించుకోవడానికి పెట్టించింది. మగ్గం పోయాక ఎవరూ తీయలేదు.

‘గా తలుపు తీస్తే తెరుసుకుంటదా?’ అంది.

ఆ సాయంత్రమే కంపెనీకి జవాబు రాసింది. ఇంటి నుంచే చేస్తానంది. కారణం దగ్గర ‘నా ఆఫీసు మా ఇంటికి దగ్గర’ అని రాసిందట. ఏమనుకున్నారో ఏమో, ఒప్పుకున్నారు!

ఆగిన కలం మళ్ళీ పట్టుకునేసరికి కొన్ని వారాలయింది. ఇప్పుడు మా ఇంట్లో పొద్దున్నే సందడి చూడాలి. వినోద తల దువ్వుకుని, మంచి చీరో డ్రెస్సో వేసుకుని, సంచి భుజాన వేసుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని ముందు గడప దాటుతుంది. ‘పోయొస్త అత్తమ్మా.’ నేను ‘పోయిరా బిడ్డా’ అంటాను. బిల్కీస్ ఇంటి ముందు నుంచి గల్లీలోకి తిరిగి, నూలు తలుపు తీసుకుని అర్రలోకి పోతుంది. ఇంట్లోకి ఉన్న తలుపుకు గడియ ఇవతల వైపు. ఆ గడియ నా ఆధీనంలో ఉంది. మౌస్ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాను.

మొదటి రోజు బిల్కీస్ మిషన్ ఆపి, ‘ఎటు వోతున్నవ్ బేటీ, గింత తయారై?’ అని అడిగింది.

‘ఆఫీసుకు ఖాలా.’

‘దూరమా?’

‘మీ గోడ దాటంగనే.’

నాగరాజు ఫోన్ చేస్తే వాడికీ పరేషానే. ‘అమ్మా, వినోదేది? ఫోనెత్తుతలేదు.’ ‘ఆఫీసుకు పోయిందిరా.’ ‘ఏ ఆఫీసు?’ ‘మనింటి పక్కది.’ వాడు ‘నీ పానం మంచిగున్నదా అమ్మా?’ అని అడిగాడు.

సాయంత్రం వినోద ముందు తలుపులోంచి వస్తుంది. చెప్పులు విడుస్తుంది. ఒక్కోసారి మూలమలుపు నుంచి మిర్చి బజ్జీలు తెస్తుంది. మంచినీళ్ళు అడుగుతుంది. తర్వాత చెప్తుంది! కలకత్తా అమ్మాయికి పెళ్ళి కుదిరిందని, చెన్నై అబ్బాయి ఇల్లు మారాడని, తనకు మెడ నొప్పి అని, రాత్రి నిద్ర పట్టడం లేదని. ఇవన్నీ అంతకుముందు కూడా ఉన్నాయి. చెప్పడానికి ఇంటికి రావాలి కదా.

కాబట్టి పాఠకులారా, ఇంటి నుంచి పని వర్ధిల్లాలి! విగ్రహం మాట నేను వెనక్కి తీసుకోను. కాకపోతే చిన్న సవరణ. కుర్చీలోంచి సగం లేచినట్టు చెక్కించండి.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఇల్లు చుట్టి నూలు తలుపు దాకా ఎంత దూరం? అయినా వినోద పోయినప్పటి నుంచి నాకు ఫికరే. నిన్న సాయంత్రం మిర్చి బండి వచ్చి పోయింది. బిల్కీస్ మిషన్ మూత వేసి నమాజుకు లేచింది. వినోద రాలేదు. గల్లీలోకి పోయి కిటికీ దగ్గర నిలబడ్డాను. లోపలి నుంచి మేనేజరమ్మ గొంతు, ‘బస్, పాంచ్ మినిట్’ అంటోంది. అంతకుముందు కూడా అదే అన్నట్టుంది. వినోద ‘యెస్, యెస్’ అంటోంది.

ఇంట్లోకి వచ్చి గడియ మీద చెయ్యి వేశాను. తీయలేదు. ఆఫీసులో ఉన్న మనిషిని ఇంట్లోంచి పిలవడం పద్ధతి కాదు. వెళ్ళి ముందు గడప మీద కూర్చున్నాను. భీవండి బస్సు వచ్చే వేళకు బాపు కోసం నన్ను కన్న అవ్వ ఇట్లాగే కూర్చునేది.

అమ్మా మేనేజరమ్మా, నువ్వు నాకు ‘యేతే’ అని చెప్పి పోయే మనిషివి. ఆ మాట బరువు నీకు తెలుసు. మా వినోద పొద్దున ‘పోయొస్త’ అని గడప దాటింది. పోవడం ఆమె చేసేసింది. ఆ మాటలో మిగతా సగం నీ దగ్గర ఉండిపోయింది. చాయ్ చల్లారుతోంది తల్లీ, జర పంపించు.